చదువు లేకపోవడం వేరండీ

హేతువాద రచయిత రావిపూడి వెంకటాద్రి గారి మీద మీరు వేసిన వ్యాసం బాగుంది. కానీ ‘చదువు లేకపోయినా ఇన్ని పుస్తకాలు రాశారు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయనకు లేనిది కాలేజీ డిగ్రీ. చదువు లేదంటే ఎలా? పల్లెలో ఉండి, సొంతంగా చదువుకుని, దేవుణ్ణి కాక మనిషినీ హేతువునీ నమ్మమన్న ఎం.ఎన్.రాయ్ మానవవాదాన్ని తెలుగులో మామూలు రైతుకు కూడా అర్థమయ్యేలా రాశారాయన.

ఇంకో మాట. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఆయన ఊరు నాగండ్ల మా గుంటూరు జిల్లాలోదే. ఇరవై ఏళ్లు దాటిన వయసులోనే అక్కడ హేతువాద ప్రచారానికి కవిరాజాశ్రమం పెట్టారు. పేరులోని కవిరాజు హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరి గారు. దేవుణ్ణి ఒప్పుకోని మనిషి ‘ఆశ్రమం’ పెట్టడమేంటని మా నాన్న నవ్వేవారు. అలా నవ్వుతూనే ప్రతి నెలా ఆయన నడిపిన ‘హేతువాది’ పత్రిక విడవకుండా చదివేవారు, తర్వాత మా అమ్మతో వాదన! గెలిచింది ఎప్పుడూ అమ్మే అనుకోండి.

వ్యాసంలో నాకు కొరతగా అనిపించింది పంచాయతీ సంగతి. ఆయన ఏళ్ల తరబడి నాగండ్ల సర్పంచ్. గుళ్లూ జాతరలూ ఉన్న ఊళ్లో, నేను నాస్తికుణ్ణి అని బాహాటంగా చెప్పే మనిషికి జనం మళ్లీ మళ్లీ ఓటేశారంటే మాటలా? ఇప్పుడు మా గుంటూరులో వార్డుకు పోటీ చేసేవాళ్లు కూడా ముందు గుడికెళ్లి ఫోటో దిగుతున్నారు.

2023లో, నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు. ఆయన్ని సర్పంచ్‌గా చూసిన పెద్దవాళ్లు నాగండ్లలో ఇంకా ఉండే ఉంటారు. వాళ్లతో మాట్లాడి రెండో భాగం రాయండి.