ఎముకల సాక్ష్యం చెల్లదు

మనిషిని మించిన జంతుప్రేమికుడు లేడు. ఈ మాటను శంకించేది ఒక్క మ్యూజియం పరిశోధకులే. వందేళ్లుగా మూసి ఉన్న సొరుగులు లాగి, ఎముకలకు ఎక్స్‌రేలు తీసి, మన జాతి పరువు తీస్తున్నారు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలోనే దాదాపు 8 కోట్ల నమూనాలున్నాయి. ఎవరు పోగేయమన్నారు? తనమీద కేసుకు తానే సాక్ష్యాలు సేకరించి, ఒక్కోదానికీ చీటీ అంటించి, తేదీ వేసి దాచుకునే ముద్దాయి ఇంకెక్కడైనా ఉంటాడా?

పిల్లుల సంగతే చూడండి. ప్రాచీన ఈజిప్టులో పిల్లి బస్తెత్ దేవతకు ప్రతిరూపం. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆ పిల్లుల మమ్మీలకు ఎక్స్‌రే తీస్తే చాలావాటికి మెడలు విరిగి ఉన్నాయి. ఏడాదైనా నిండని కూనలు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే భక్తుల కోసమే పెంచి, మెడ తిప్పి, నారబట్ట చుట్టి అమ్మేవారట. భక్తి పెరిగితే సరుకూ పెరగాలి కదా, తప్పేముంది?

మాంచెస్టర్ పరిశోధకులు 800కు పైగా జంతు మమ్మీలను స్కాన్ చేసి, సుమారు మూడో వంతులో జంతువే లేదని 2015లో తేల్చారు. మట్టి, పుల్లలు, రెల్లు కూరి అందంగా చుట్టేశారు. మన తరఫున ఇంతకన్నా గట్టి ఆధారం నాకు కనబడలేదు. ఆ మేరకు కొన్ని ప్రాణాలు దక్కినట్టేగా! పుల్లలు కూరిన ఆ చేతులకు జీవకారుణ్య పురస్కారం ఇవ్వొచ్చు.

తర్వాతి కథ 1890 నాటిది. సుమారు 1,80,000 పిల్లి మమ్మీలు, బరువు 19 టన్నులు, ఓడెక్కి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ చేరాయి. వేలం వేశారు, పిండి చేసి పొలాలకు ఎరువుగా చల్లారు. వేలంపాటలో సుత్తికి బదులు పిల్లి పుర్రెనే వాడారని చెబుతారు. దేవత చివరికి రైతుకు అక్కరకొచ్చింది. ఏ మతంలో మాత్రం ఇంతకన్నా ఏం కోరుకుంటాం?

ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలోని డోడో అనే అంతరించిన పక్షి తలనూ వదల్లేదు. లండన్‌లో జనానికి చూపించిన పక్షే చనిపోయాక అక్కడికి చేరిందని ఎంతోకాలం హాయిగా నమ్మాం. 2018లో స్కాన్ చేస్తే పుర్రెలో తుపాకీ సీసపు గుండ్లు. ఇక గ్రేట్ ఆక్ అనే ఎగరలేని పక్షి. అరుదైంది కాబట్టి ధర పెరిగింది, ధర పెరిగింది కాబట్టి అంతరించింది. 1844లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డీ దీవిలో చివరి జంటను చంపింది సేకర్తల కోసమే. వాటి అవయవాలు కోపెన్‌హేగన్ మ్యూజియంలో సీసాల్లో భద్రంగా ఉన్నాయి. భద్రత విషయంలో మాత్రం మనల్ని వేలెత్తి చూపలేరు.

న్యాయంగా చెప్పాలంటే మనకు అనుకూలంగా ఒక ఎముకల గూడు ఉంది. జర్మనీలో బాన్ నగరం దగ్గర ఓబర్‌కాసెల్ క్వారీలో 1914లో దొరికింది. సుమారు 14,000 ఏళ్ల నాటి సమాధి. ఒక ఆడ, ఒక మగ, వాళ్లతోపాటు ఏడు నెలల కుక్కపిల్ల. దాని పళ్ల పింగాణీ మీది గుర్తులు చూసి, డిస్టెంపర్ అనే కుక్కల జబ్బు పదే పదే తిరగబెట్టిందని పరిశోధకులు అంటున్నారు. వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. అయినా ఎవరో వెచ్చగా ఉంచి, కక్కుకున్నది కడిగి, నీళ్లు పట్టి ఉండాలి. లేకపోతే అన్ని వారాలు బతికేది కాదట. చేసినవాళ్లకు గుడి లేదు, మ్యూజియం లేదు. పాపం, వెనకబడిన జనం.

కాబట్టి నా సూచన ఇది. ప్రతి మ్యూజియం గుమ్మంలో ఆ కుక్కపిల్ల నమూనా పెట్టాలి. పిల్లులు, డోడో, ఆక్ కింది అంతస్తు బీరువాల్లోకి పోవాలి. స్కానర్లకు వచ్చే ఏడాది నిధులు ఆపాలి. టికెట్ కౌంటరు పక్కనే కుక్కపిల్ల బొమ్మలు అమ్మితే ఖర్చులూ గిట్టుబాటవుతాయి. లోపల ఏం కూరినా ఫర్వాలేదు, ఎలాగూ స్కానర్లు ఉండవు.