బానెట్ ఎత్తడం మా ఇంటా వంటా లేదు

కారు కొనడం వేరు, దాని కడుపులో ఏముందో చూడటం వేరు. మొదటిది పెద్దమనిషి తరహా, రెండోది మెకానిక్ పని. ఈ తేడా తెలియని వాళ్లు మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు తయారయ్యారు. ఆదివారం పొద్దున్నే సెల్లార్‌లో బానెట్ ఎత్తి, అందులోకి తల దూర్చి, ఏదో పుల్ల బయటికి లాగి, పాత బనియన్‌తో తుడిచి, మళ్లీ లోపల గుచ్చి, మళ్లీ లాగి చూస్తుంటారు. లక్షలు పోసి కొన్న బండి మీద ఇంత అనుమానమా? నమ్మి కొన్నాక నమ్మాలి కదా.

నా మటుకు నేను కారుకి చేయాల్సిన మర్యాదలన్నీ చేశాను. షోరూమ్ నుంచి నేరుగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికి తీసుకెళ్లాను. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు స్వస్తిక్, ముందు గుమ్మడికాయ. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు నాలుగేళ్లు చిరగనివ్వలేదు. వెనక అద్దం మీద పిల్లల పేర్లు రాయించాను. ఓనర్స్ మాన్యువల్‌ని పెళ్లినాటి పట్టుచీరలా కవరు విప్పకుండా గ్లవ్ బాక్స్‌లో, విభూతి పొట్లాల కింద భద్రంగా దాచాను. ఇంతకు మించి మెయింటెనెన్స్ ఏముంటుంది?

సర్వీసు సంగతంటారా, పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని కంపెనీవాళ్లు చెబుతారు. వాళ్లు వ్యాపారస్తులు, అలాగే చెబుతారు. నేను దాన్ని ‘ఏది తర్వాతైతే అది’ అని చదువుకున్నాను. టైర్లలో గాలి కూడా అంతే. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్తంభం మీద ఎంత గాలి ఉండాలో చిన్న స్టిక్కర్ ఉంటుందట. ఎవరు వంగి చూస్తారు? బంకులో కుర్రాడు “ఎంత పెట్టమంటారు సార్?” అంటే “అందరికీ ఎంత పెడతావో అంతే పెట్టు” అంటాను. ఇందులో ఒక సమానత్వం ఉంది.

ఇలా సాఫీగా సాగుతున్న నా సంసారంలోకి మొన్న మే నెలలో ఒక జాడీ వచ్చింది.

విజయవాడ నుంచి అత్తయ్యగారిని హైదరాబాద్ తీసుకొస్తున్నాను. ముందురోజే కలిపిన కొత్తావకాయ జాడీ ఆవిడ కాళ్ల దగ్గర, వాసెనగట్టి ఉంది. డిక్కీలో పెడదామంటే ఒప్పుకోలేదు. చిల్లకల్లు టోల్ ప్లాజా దగ్గర బ్రేకు నొక్కగానే డాష్‌బోర్డ్ మీద ఒక ఎర్రటి దీపం వెలిగింది. అచ్చం కొమ్మున్న ప్రమిదలా ఉంది, కొమ్ము చివర ఒక బొట్టు కూడా. టోల్ దాటగానే ఆరిపోయింది. లారీ వెనక మళ్లీ బ్రేకు నొక్కితే మళ్లీ వెలిగింది.

“అల్లుడుగారూ, అదేదో దీపం వెలుగుతోంది, ఆరుతోంది” అన్నారు అత్తయ్యగారు.

“దీపం వెలిగితే శుభమే కదండీ” అన్నాను.

“కొండెక్కే దీపం శుభమెలా అవుతుంది? ఆపండి ముందు.”

కోదాడ పొలిమేరలో వేపచెట్టు కింద ఒక మెకానిక్ షెడ్డు కనిపిస్తే ఆపాను. అతను దీపం గుర్తు చూశాడు, నా మొహం చూశాడు. పసుపు రంగు లైట్ వెలిగితే నాలుగు రోజుల్లో చూపించుకోవచ్చట. ఎర్ర రంగుదైతే, అందులోనూ ఈ నూనె దీపమైతే, పక్కకి తీసి అక్కడికక్కడే ఇంజన్ ఆపేయాలట. నేను దానికి ఇరవై కిలోమీటర్ల దూరం దణ్ణం పెట్టుకుంటూ వచ్చాను.

“పది నిమిషాలు ఆగాలి సార్. పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. బండి చదునుగా ఉండాలి” అన్నాడు.

పది నిమిషాలెందుకని నేను విసుక్కుంటుంటే అత్తయ్యగారు అందుకున్నారు. “ఆవకాయే మూడో రోజుకి గానీ నూనె పైకి వదలదు. ఇది ఇనుము.”

అతను పసుపు పిడి ఉన్న పుల్ల లాగాడు. తుడిచాడు, గుచ్చాడు, మళ్లీ లాగాడు. మొదటిసారి లాగినప్పుడు చూసిన కొలత లెక్కలోకి రాదట, లోపల చిమ్మిన నూనె పుల్ల పొడుగునా అంటుకుని ఉంటుందట. ఆ పుల్ల మీద రెండు గుర్తులున్నాయి. నూనె ఆ రెండింటి మధ్య ఉండాలి. మా పుల్ల చివర చీమ తలకాయంత తడి ఉంది, అదీ నల్లగా. బ్రేకు వేసినప్పుడల్లా అడుగునున్న ఆ కాస్త నూనె ముందుకి జరిగిపోతే పంపుకి అందక దీపం వెలుగుతోందన్నమాట.

అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. “అయ్యో, జాడీలో నూనె ఇంత అడుక్కి పోతే బూజు పట్టేస్తుంది కదయ్యా!”

“బూజు కాదమ్మా, ఇంజనే పట్టేస్తది” అన్నాడతను.

అక్కడి నుంచి వాళ్లిద్దరికీ మాట కలిసింది. నేను చెట్టు నీడలోకి తప్పుకున్నాను.

ఏ ఆయిల్ పోయమంటారని అడిగితే, మంచిదేదో ఒకటి పొయ్యమన్నాను. నువ్వుల నూనె వాడే ఆవకాయలో కొబ్బరి నూనె పోస్తామా అని అత్తయ్యగారు నిలదీశారు. గ్లవ్ బాక్స్‌లోంచి మాన్యువల్ తీసి, కవరు ఆవిడే పరపరా చింపేశారు. నాకు గుండె కలుక్కుమంది. అందులో 5డబ్ల్యూ-30 అని ఉంది. డబ్ల్యూ అంటే వింటరట, చలిలో స్టార్ట్ చేసినప్పుడు నూనె ఎంత పల్చగా పారుతుందో చెప్పే అంకె అట. మే నెల మిట్టమధ్యాహ్నం కోదాడలో నిలబడి చలికాలం గురించి చర్చించిన ఘనత మా కుటుంబానిదే.

అతను కొంచెం పోసి, ఆగి, పుల్ల చూసి, మళ్లీ కొంచెం పోశాడు. డబ్బా మొత్తం వంచెయ్యమన్నాను, మళ్లీ మళ్లీ ఈ తద్దినం ఎందుకని. పై గుర్తు దాటితే ఇంకో గొడవట. లోపల తిరిగే ఇరుసు నూనెని చిలికి నురగ చేస్తుందట, నురగ ఇనుముని కాపాడదట. “పొంగేదాకా పోసేది పాలు కూడా కాదు” అన్నారు అత్తయ్యగారు. ఇంటికెళ్లాక పాత ఆయిల్ మొత్తం తీయించి, ఫిల్టర్ మార్పించి, లీకేజీ ఉందేమో చూపించుకోమని అతను మరీ మరీ చెప్పాడు.

ఇక్కడ నా పరువు నిలబెట్టుకోవాలనిపించింది. ముందుకి వచ్చి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాను. ఇద్దరూ ఒకేసారి అరిచారు. అతను “సార్!” అన్నాడు. ఆవిడ “కుక్కర్ ఆవిరి దిగకుండా మూత తీస్తారా ఎవరైనా!” అన్నారు. వేడి మీద ఉన్న రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడి వల్ల నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులు కాగానే ఎగిరి మొహం మీదికి వస్తాయి. పక్కనే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఉంది, దాని మీదా రెండు గీతలున్నాయి, ఏదీ తెరవకుండా బయటి నుంచే చూడొచ్చు. ఇందులో ఇన్నాళ్లూ ఏం పోశారని అడిగాడు. వాచ్‌మన్ బోరు నీళ్లు పోస్తాడని నిజాయితీగా చెప్పాను. మా బోరు నీళ్లతో గీజర్ కాయిల్‌కి సున్నం వేసినట్టు తెల్లగా పెచ్చు కట్టడం అత్తయ్యగారు స్వయంగా చూశారు. ఆ చూపు నేను చాలాకాలం మర్చిపోలేను.

ఇక బ్రేక్ ఆయిల్. అది రెండేళ్లకోసారి మార్చాలట. ఏం, కారిపోలేదు కదా అన్నాను. కారిపోదు, గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. వానాకాలం ఉప్పు జాడీ నీరుకారినట్టు అని ఆవిడ అనువదించారు. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 155 డిగ్రీలు తట్టుకుంటే చాలని ప్రమాణమే చెబుతోంది. తిరుమల కొండ దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు తొక్కితే ఆ వేడి పుడుతుంది, ఆయిల్ మరిగి బుడగలొస్తాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కిందటేడు అలిపిరి చేరేదాకా నేను “గోవిందా, గోవిందా” అంటూనే ఉన్నాను. అది భక్తే అనుకున్నాను. పెట్రోలు మిగులుతుందని ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో దిగానని మాత్రం అతనికి చెప్పలేదు. గేరులో దిగితే సగం పని ఇంజనే చేస్తుందనీ, ఇంజన్ ఆపితే బ్రేకు తేలిగ్గా నొక్కడానికి సాయపడే బూస్టర్ కూడా పోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుందనీ అతను చెప్పాక అసలు చెప్పలేదు.

ఆ వేపచెట్టు కింద నాకొక మహాసత్యం బోధపడింది. కార్ల కంపెనీలన్నీ కలిసి మన వంటింటి విద్యని దొంగిలించాయి. జాడీలో నూనె కొలత చూసుకోవడం, ఆవిరి దిగాక మూత తీయడం, ఉప్పుకి చెమ్మ తగలకుండా బిరడా బిగించడం మన అత్తలూ అమ్మమ్మలూ ఎప్పటి నుంచో చేస్తున్న పనులు. వాటికి డిప్‌స్టిక్ అనీ, ప్రెషర్ క్యాప్ అనీ ఇంగ్లీషు పేర్లు తగిలించి మనకే అమ్ముతున్నారు. ప్రభుత్వం వెంటనే జోక్యం చేసుకుని ఈ విద్యల మీద హక్కులు రాబట్టాలి.

దీన్నుంచి తేలే రెండో సంగతి ఇంకా ముఖ్యం. బానెట్ కింద ఉన్నది వంటిల్లే అని రుజువైంది. మా ఇంటి మగాళ్లం మూడు తరాలుగా వంటింటి గడప తొక్కి ఎరగం. కాబట్టి నేను ఇన్నాళ్లూ బానెట్ ఎత్తకపోవడం బద్ధకం కాదు, ఆచారం.

ఈ వాదన విని అత్తయ్యగారు ఏమీ అనలేదు. మర్నాడు జాడీ తిరగకలిపి, నూనె ఎంత తేలిందో చూసుకున్నారు. చెయ్యి కడుక్కుని, మామయ్యగారి పాత పంచె ముక్క ఒకటి చింపుకుని సెల్లార్‌లోకి దిగారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం కార్యక్రమం ఇదే. పైకొచ్చి, “పై గీతకి వేలెడు తక్కువుంది. తెల్ల డబ్బా సరిపోయింది. అద్దం కడిగే నీళ్లే అయిపోయాయి” అని రిపోర్టు ఇస్తారు. సెల్లార్‌లోని ఆ ఇద్దరు ముగ్గురూ ఇప్పుడు ఆవిడ శిష్యులు. ఒకాయన తన పుల్ల పట్టుకుని “పిన్నిగారూ, ఇది చూడండి, పాలు కలిపిన కాఫీలా ఉందేంటి?” అని పరిగెత్తుకొచ్చాడు. నూనెలో కూలెంట్, అంటే రేడియేటర్‌లోని ద్రవం, కలిసి ఉంటుంది, బండి కదపకుండా మెకానిక్‌నే ఇక్కడికి పిలిపించమని చెప్పి పంపారు. కోదాడలో ఆ పది నిమిషాలు ఊరికే పోలేదన్నమాట.

దసరాకి యథాప్రకారం వాహన పూజ చేశాం. పసుపూ కుంకుమా బానెట్ మీద పెట్టబోతే ఆవిడ వారించి, బానెట్ ఎత్తి, డిప్‌స్టిక్ పిడికి బొట్టు పెట్టారు. నిమ్మకాయలు మాత్రం నేనే తొక్కించాను.