అన్నవాహిక క్యాన్సర్: ప్రొటీన్ జాడను రక్తంలో కన్నా పుట్టినచోట వెతకడం మేలు

ముద్ద దిగడం లేదని రోగి డాక్టరు దగ్గరికి వచ్చేసరికి అన్నవాహిక క్యాన్సర్ సాధారణంగా బాగా ముదిరి ఉంటుంది. ఈ గొట్టానికి సాగే గుణం ఎక్కువ. లోపలి దారి దాదాపు 13 మిల్లీమీటర్లకు కుంచించుకుపోయే దాకా గట్టి ఆహారం కూడా ఎలాగోలా జారిపోతూనే ఉంటుంది. పొట్టకు, పేగులకు చుట్టూ ఉండే బయటి పొర అన్నవాహికకు చాలా మేరకు లేదు. పైగా లింఫ్ నాళాలు లోపలి జిగురుపొరలోనే మొదలవుతాయి. అందుకే కణితి కొద్దిపాటి లోతుకు దిగినా లింఫ్ గ్రంథులకు పాకే దారి దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2022కు వేసిన అంచనా ప్రకారం కొత్త కేసులు 5.11 లక్షలు, మరణాలు 4.45 లక్షలు. ఆ రెండు సంఖ్యలూ అంత దగ్గరగా ఉండటానికి ప్రధాన కారణం ఆలస్యంగా బయటపడటమే.

జిగురుపొర దాటని అడినోకార్సినోమా (గ్రంథి కణాల రకం క్యాన్సర్) అయితే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం 1–2 శాతమే. ఛాతీ కోయకుండా, ఎండోస్కోపు (నోటి గుండా దింపే కెమెరా గొట్టం) ద్వారానే ఆ ముక్కను తీసేయవచ్చు. అదే కణితి ఒక్క పొర కిందికి దిగితే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కాబట్టి పరీక్ష ఏదైనా పట్టుకోవాల్సింది ఈ మిల్లీమీటర్ల దశనే. 'రక్తంలో ప్రొటీన్‌తో క్యాన్సర్ గుర్తింపు' అని వచ్చే ప్రతి వార్తనూ ఈ కొలబద్దతోనే చూడాలి. అలా చూస్తే చాలా వార్తలు నిలబడవు.

ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో వాడుతున్న రక్త మార్కర్లు, అంటే జబ్బు జాడ చూపే ప్రొటీన్లు, ఉన్నాయి: సీఈఏ, ఎస్‌సీసీ యాంటిజెన్, సైఫ్రా 21-1. ముదిరిన రోగుల్లో ఇవి పెరుగుతాయి. చికిత్స తర్వాత జబ్బు తిరగబెడుతోందా అని గమనించడానికి కొంత ఉపయోగపడతాయి. తొలి దశలో మాత్రం ఎక్కువ మందిలో మామూలుగానే ఉంటాయి. కారణం తెలిసిందే. కొన్ని మిల్లీమీటర్ల కణితి విడుదల చేసే ప్రొటీన్ ఎంతని? అది సుమారు 3 లీటర్ల ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, కలిసిపోతుంది. ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో అల్బుమిన్ 35–50 మిల్లీగ్రాములు ఉంటే, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటివి కొన్ని పికోగ్రాములే. అంటే తేడా దాదాపు వెయ్యి కోట్ల రెట్లు. ప్రొటీన్లను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమీటరు ఆ కొద్దిపాటివాటిని చూడాలంటే ముందు అల్బుమిన్‌ను తీసేయాలి. అల్బుమిన్‌ను అంటిపెట్టుకున్న చిన్న ప్రొటీన్లూ దాంతోపాటే పోతాయి.

ఆ మార్కర్లు క్యాన్సర్‌కు మాత్రమే పెరిగేవీ కావు. పొగతాగేవారిలో సీఈఏ ఎక్కువగా ఉంటుంది. కిడ్నీ దెబ్బతింటే సైఫ్రా, ఎస్‌సీసీ యాంటిజెన్ రెండూ పెరుగుతాయి. ఎస్‌సీసీ యాంటిజెన్ సోరియాసిస్‌లోనూ పెరుగుతుంది. పైగా అది చర్మంలో, లాలాజలంలో పుష్కలంగా ఉంటుంది కాబట్టి నమూనాలో ఒక తుంపర పడినా ఫలితం తప్పుగా పైకి పోతుంది. మూత లేని ట్యూబు ముందు మాట్లాడటం కూడా ఇక్కడ పొరపాటే. ఇక రోగి రక్తంలో సహజంగా ఉండే కొన్ని యాంటీబాడీలు, మార్కర్‌ను రెండువైపులా పట్టుకోవడానికి కిట్‌లో ఉండే రెండు యాంటీబాడీలను తామే కలిపేసి, లేని మార్కర్‌ను ఉన్నట్టు చూపిస్తాయి.

రక్తం తీసిన తర్వాతి గంటను పరిశోధకులే తేలిగ్గా తీసుకుంటారు. సీరం (గడ్డకట్టాక మిగిలే ద్రవం) కోసమైతే గడ్డకట్టడానికి 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. సెంట్రిఫ్యూజ్ యంత్రంలో సుమారు 1,500–2,000 జీ (భూమి ఆకర్షణకు అన్ని రెట్లు) బలంతో 10 నిమిషాలు తిప్పాలి. వెంటనే చిన్న చిన్న భాగాలుగా విడదీసి మైనస్ 80 డిగ్రీల్లో ఉంచాలి. గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వీఈజీఎఫ్ లాంటి ప్రొటీన్లను బయటికి వదులుతాయి. అందుకే ఒకరి సీరాన్ని మరొకరి ప్లాస్మాతో పోల్చడం కుదరదు. రోగుల నమూనాలు ఆపరేషన్ రోజు ఉదయం వెంటనే ఫ్రీజరుకు చేరి, ఆరోగ్యవంతులవి శిబిరంలో తీసి నాలుగు గంటలు బల్లమీదే ఉంటే, ఆ రెంటి మధ్య కనిపించే తేడా క్యాన్సర్‌ది కాదు, గడియారానిది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2002లో లాన్సెట్ పత్రికలో అండాశయ క్యాన్సర్‌పై ఒక అధ్యయనం వచ్చింది. సీరం ప్రొటీన్ల హెచ్చుతగ్గుల తీరుతో 50 మంది రోగుల్లో 50 మందినీ గుర్తించామని, క్యాన్సర్ లేని 66 మందిలో 63 మందిని సరిగా వేరుచేశామని అందులో ఉంది. ఆ తర్వాత ఇతర గణాంక నిపుణులు ఆ పరిశోధక బృందం విడుదల చేసిన డేటాను తిరిగి విశ్లేషించారు. ఆ తేడాల్లో చాలా భాగం నమూనాలను నడిపిన తీరు నుంచి, యంత్రం నుంచి వచ్చి ఉండవచ్చని తేల్చారు. ఆ పరీక్ష జనంలోకి రాలేదు.

నమూనాల లోపాలన్నీ సరిచేసినా లెక్క ఒకటి అడ్డుపడుతుంది. పదివేల మందిలో పది మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. పరీక్ష సెన్సిటివిటీ (జబ్బున్నవారిని పట్టుకునే పాళ్లు) 90 శాతం, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివారిని లేదని సరిగా చెప్పే పాళ్లు) 95 శాతం. వినడానికి గొప్పగానే ఉంది. రోగుల్లో 9 మంది దొరుకుతారు, సుమారు 500 మంది ఆరోగ్యవంతులకూ పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ అని విన్న ప్రతి వందమందిలో నిజంగా జబ్బున్నవారు ఇద్దరి లోపే. మిగతావాళ్లందరికీ భయం, ఆపై ఎండోస్కోపీ. దీన్ని తగ్గించాలంటే ముప్పు ఎక్కువగా ఉన్నవారినే ఎంచుకోవాలి, లేదా కణజాలాన్నే తాకి చూడాలి. రెండూ చేయగలిగితే ఇంకా మంచిది.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో పరిశోధకురాలు రెబెకా ఫిట్జ్‌జెరాల్డ్ బృందం సరిగ్గా ఆ రెండూ చేసింది. యాసిడ్ ఏళ్ల తరబడి పైకి తన్నుతుంటే కొందరిలో అన్నవాహిక కింది భాగపు పొర మారిపోయి, పేగు పొరను పోలినది ఏర్పడుతుంది. దీన్నే బారెట్స్ అంటారు. అడినోకార్సినోమాకు ఇది ముందుమెట్టు. ఆ మార్పు ఉన్నచోట జిగురు స్రవించే గోబ్లెట్ కణాలు టీఎఫ్ఎఫ్3 అనే ప్రొటీన్‌ను తయారుచేస్తాయి. మామూలు అన్నవాహిక పొరలోనూ, పొట్ట పైభాగంలోనూ అది కనిపించదు. ఈ ఎంపికలోనే అసలు తెలివి ఉంది. ఈ పరీక్షలో కణాలు సేకరించేది మింగించి పైకి లాగే స్పాంజి. అది పొట్ట నుంచే పైకి వస్తుంది కాబట్టి దారిలో పొట్ట కణాలూ అంటుకుంటాయి. అవి టీఎఫ్ఎఫ్3 చేయవు కాబట్టి ఫలితాన్ని చెడగొట్టవు.

పద్ధతి సులువే. దారానికి కట్టిన మాత్రను నీళ్లతో మింగాలి. కొన్ని నిమిషాల్లో జెలటిన్ తొడుగు కరిగి 3 సెంటీమీటర్ల స్పాంజి విచ్చుకుంటుంది. నర్సు దారం పట్టి పైకి లాగుతుంది. స్పాంజిని ద్రవంలో వేసి ల్యాబుకు పంపుతారు. అక్కడ కణాలను ముద్దగా చేసి మైనంలో దిమ్మకట్టి, పలచగా కోసి, టీఎఫ్ఎఫ్3 యాంటీబాడీతో రంగు వేస్తారు. తప్పు జరిగే చోటు ఒకటుంది: స్పాంజి పొట్ట దాకా వెళ్లకపోవడం. నమూనాలో గ్రంథి కణాలే (స్పాంజి పొట్ట చేరిందనడానికి గుర్తు) లేకపోతే దాన్ని నెగెటివ్ అని రాయకూడదు, పరీక్ష మళ్లీ చేయాలి. మారిన పొర పొడవు తక్కువగా ఉన్నప్పుడూ కొన్ని తప్పిపోతాయి. ఈ స్పాంజిపై 2015లో వెలువడిన బెస్ట్2 అధ్యయనంలో మొత్తం సెన్సిటివిటీ 79.9 శాతం. 3 సెంటీమీటర్లు, అంతకు మించిన పొడవు ఉన్నవారిలో 87.2 శాతం. స్పెసిఫిసిటీ 92.4 శాతం.

2020లో వచ్చిన తర్వాతి ప్రయోగం బెస్ట్3 ఫలితాలు మరింత ముఖ్యం. ఇంగ్లండ్‌లో గుండెమంటకు మందులు వాడుతున్న, 50 ఏళ్లు దాటిన 13,222 మందిని రెండు వర్గాలుగా చేశారు. స్పాంజి పరీక్ష ఇవ్వజూపిన వర్గంలో 140 మందికి బారెట్స్ బయటపడింది. మామూలు వైద్యం అందిన వర్గంలో 13 మందికే. స్పాంజి మింగిన 1,654 మందిలో పాజిటివ్ వచ్చి ఎండోస్కోపీకి వెళ్లినవారు 221 మంది. వారిలో 131 మందికి, అంటే 59 శాతానికి, బారెట్స్ లేదా క్యాన్సర్ ఉంది. పైన రక్తపరీక్ష లెక్కలో వచ్చిన రెండు శాతం పక్కన దీన్ని పెట్టి చూడండి. లక్ష్యాలు వేరు, ఒకటి క్యాన్సర్‌ది, మరొకటి దాని ముందుమెట్టుది. అయినా ఎండోస్కోపీ గదికి ఎవరిని పంపాలన్న ప్రశ్న ఒకటే.

బారెట్స్ ఉన్నవారిలో ఏడాదికి ఒక శాతం లోపే క్యాన్సర్‌గా మారుతుంది. కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టలేం. ముప్పు ఎక్కువ ఉన్నవారిని వేరుచేసే పనిలో పీ53 ప్రొటీన్ తోడ్పడుతుంది. ఆరోగ్యకరమైన పీ53 నిమిషాల్లోనే విరిగిపోతుంది, కాబట్టి రంగు లేతగా పడుతుంది. కొన్ని మ్యుటేషన్లలో (జన్యువులో మార్పుల్లో) అది విరగకుండా పేరుకుపోయి ముదురుగా కనిపిస్తుంది. మరికొన్నింటిలో ప్రొటీనే తయారుకాక రంగు పూర్తిగా మాయమవుతుంది. ముదురు ఎంత ప్రమాదమో మాయం కావడమూ అంతే. రంగు లేదు కనుక సమస్య లేదనుకున్న పాథాలజిస్టు ఈ రెండో రకాన్ని వదిలేస్తారు.

ప్రపంచంలో ఎక్కువ మందికి వచ్చేది స్క్వేమస్ రకం, అంటే అన్నవాహిక మామూలు పొరలోని చదును కణాల్లో పుట్టేది. దానికి బారెట్స్ మెట్టు లేదు, టీఎఫ్ఎఫ్3 పనికిరాదు. ప్రస్తుతం నమ్మకమైన దారి లుగోల్ అయోడిన్ చల్లి ఎండోస్కోపీలో చూడటమే. గ్లైకోజెన్ (కణాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం) తగ్గిన చెడ్డ కణాలకు గోధుమ రంగు అంటదు. రక్తం వైపు నాకు కొంత ఆశ ఉన్నది పీ53పై శరీరం తయారుచేసే యాంటీబాడీల మీద. చిన్న కణితి విడిచే కొద్దిపాటి ప్రొటీన్‌ను రోగనిరోధక వ్యవస్థ పెద్దది చేసి చూపిస్తుంది. ఆరోగ్యవంతుల్లో అవి అరుదు. కానీ రోగుల్లో ఎక్కువ మందిలోనూ ఉండవు. అందుకే అది ఒంటరిగా చాలదు, మరికొన్ని మార్కర్లతో కలిపి వాడాలి.

కొత్త మార్కర్ ఏదైనా ముందు జబ్బు బయటపడక ముందే తీసి దాచిన నమూనాల్లో నెగ్గాలి. ఆ తర్వాత మరణాలు తగ్గించాలి. బ్రిటన్‌లో 2 లక్షలకు పైగా మహిళలపై సాగిన అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ ప్రయోగంలో రక్త ప్రొటీన్ సీఏ-125ను ఏటా కొలిచిన వర్గంలో తొలి దశ కేసులు ఎక్కువగా దొరికాయి. 2021లో వచ్చిన తుది ఫలితాల్లో మరణాలు మాత్రం తగ్గలేదు. స్పాంజికి కూడా ఈ పరీక్ష ఇంకా మిగిలే ఉంది. బెస్ట్4 ప్రయోగం 1.2 లక్షల మందితో అదే తేల్చబోతోంది.

ఈలోగా డాక్టర్లకు, రోగులకు ఒకటే మాట. ముద్ద అడ్డుపడుతున్నవారికి, కారణం లేకుండా బరువు తగ్గుతున్నవారికి ఏ మార్కర్ పరీక్షా వద్దు, నేరుగా ఎండోస్కోపీకే పంపాలి. అలాంటివారి చేతిలో ఉన్న నెగెటివ్ రిపోర్టును చూసి ఆగకూడదు.