ఎలుక చర్మం, మనిషి చర్మం ఒకటి కాదు

చర్మానికి రాసిన టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) ఒంట్లోకి ఎంత వెళ్తుందన్న ఒక వ్యాసం చదివాను. ఎలుకలకు రాసినదాంట్లో ఎక్కువ భాగం ఒంట్లోకి వెళ్లింది కాబట్టి మనుషుల్లోనూ అంతేనని అందులో తేల్చేశారు, అదే నాకు మింగుడు పడలేదు. ఎలుక చర్మం పల్చన, వెంట్రుకలు దట్టం, అందుకే చాలా మందులు మనకంటే దానిలోకే ఎక్కువగా దిగుతాయి. పోలికకు పంది చర్మం చాలా నయం, ల్యాబుల్లో పంది చెవి చర్మం వాడేది అందుకే.

ఇంకోటి, కొలిచిందెలాగో చెప్పనేలేదు. మామూలుగా కార్బన్-14 (జాడ పట్టడానికి వీలైన రేడియోధార్మిక కార్బన్) తగిలించిన హార్మోన్ రాసి, మూత్రంలోకి ఎంత వచ్చిందో చూస్తారు. కానీ ఎలుకల్లో స్టెరాయిడ్లు (టెస్టోస్టెరాన్ కూడా ఈ కోవదే) ఎక్కువగా పైత్యరసం ద్వారా మలంలోకి పోతాయి, మూత్రం ఒక్కటే చూస్తే లెక్క తక్కువ వస్తుంది, అందుకే అదే హార్మోన్‌ను విడిగా ఇంజెక్షన్ ఇచ్చి ఎంత శాతం బయటికొస్తుందో చూసి సరిచేయాలి. పైగా రాసినచోట మూత వేయకపోతే ఎలుక ఊరుకుంటుందా, నాకేస్తుంది! అప్పుడు మీరు కొలిచేది చర్మాన్ని కాదు, కడుపుని.

మనిషిలోనైనా ఒకటే అంకె ఉండదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే పరిశోధకులు హైడ్రోకార్టిసోన్ అనే ఇంకో స్టెరాయిడ్‌తో చూస్తే ముంజేతికంటే వృషణాల చర్మం దాదాపు 42 రెట్లు పీల్చుకుంది. ఎక్కడ రాశారు, ఎంతసేపు ఉంచారు, కడిగారా లేదా, ఇవేవీ రాయకుండా శాతం ఒక్కటే ఇస్తే ఏం చేసుకోవాలండీ?