మూడో తరగతి టీచరే దొరికారా?

ఊళ్లో సర్కారుకు ఏ పని పడినా మొదట గుర్తొచ్చేది ప్రాథమిక బడి టీచరే. ఓటర్ల జాబితా అయినా, ఎన్నికలైనా, సర్వే అయినా అంతే. ఇప్పుడు జనగణన వంతు వచ్చింది. ఇళ్ల జాబితా పని 2026 ఏప్రిల్, సెప్టెంబర్ నెలల మధ్య, జనాభా లెక్కింపు 2027 ఫిబ్రవరిలో. మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు వచ్చి తీరాలని 2021లో మొదలుపెట్టిన ‘నిపుణ్ భారత్’ గడువు కూడా 2026-27 విద్యాసంవత్సరమే. ఏడాది ఒక్కటే, టీచరూ ఒక్కరే, పనులు మాత్రం రెండు. వీటిలో ఏది మూలన పడుతుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

జనగణన దేశానికి అవసరం, దానికి టీచర్లను వాడుకోవడానికి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ కూడా వీలిచ్చింది. కాదనం. కానీ చట్టం సందు ఇచ్చింది కదా అని ప్రతిసారీ చిన్న తరగతులనే ఖాళీ చేస్తామంటే ఒప్పుకునేది లేదు.

ఎందుకంటే 2024 నవంబర్‌ను మేము మరిచిపోలేదు. తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కుటుంబ సర్వే పెట్టి, చిన్న తరగతులకు చెప్పే ఎస్జీటీలను (సెకండరీ గ్రేడ్ టీచర్లను), ప్రాథమిక బడుల హెడ్మాస్టర్లను దానికి వాడుకుంది. ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించింది. విద్యాహక్కు చట్టం మినహాయింపు ఇచ్చింది పదేళ్లకోసారి జరిగే జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు మాత్రమే. రాష్ట్ర సర్వే ఆ మూడింటిలో ఏదీ కాదు. అయినా నడిచిపోయింది. హైస్కూళ్ల జోలికి మాత్రం పోలేదు. అక్కడ పదో తరగతి ఉంది, ఫలితాలుంటాయి, జిల్లాల ర్యాంకులుంటాయి. మూడో తరగతి పిల్లకు తీసివేత రాకపోతే ఏ అధికారికీ టెన్షన్ లేదు. అందుకే ఆ తరగతి టీచరంటే అందరికీ అంత అలుసు.

ఆ పిల్ల పలక మీద ఏం జరుగుతోందో ఒక్కసారి చూడండి. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తుంది. ఒకట్ల స్థానంలో 2లోంచి 7 పోదు కాబట్టి, తిప్పేసి 7లోంచి 2 తీసేస్తుంది. ఇది పరధ్యానం వల్ల వచ్చిన తప్పు కాదు. పదుల స్థానం నుంచి అప్పు తేవడమంటే ఏంటో అర్థం కాకపోవడం వల్ల వచ్చింది. ఆ తప్పు దిద్దాలంటే టీచరు పక్కన కూర్చోవాలి. పుల్లలను పదేసి కట్టలు కట్టించి, ఒక కట్ట విప్పించి, రెండు విడి పుల్లలు పన్నెండు ఎలా అయ్యాయో ఆ పిల్ల చేతనే లెక్కపెట్టించాలి. ఒక రోజుతో అయ్యేది కాదు. మర్నాడు మళ్లీ, వారం పోయాక మళ్లీ చేయించాలి. మధ్యలో మూడు వారాలు మధ్యాహ్నాలు పోతే తిరిగొచ్చిన టీచరు ముందు సిలబస్ ఉంటుంది, కట్ట విప్పే తీరిక ఉండదు. తీసివేత రాని పిల్లకు భాగహారం ఎక్కడిది? ఎక్కాలు ఎంత బట్టీ పట్టించినా శేషం దగ్గర ఆగిపోతుంది. ములుగు జిల్లాలో తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసే బడుల్లో పరిస్థితి ఇంకా కష్టం.

పిల్లలకు చదువు, లెక్కలు ఎంత వచ్చాయో చూసే ‘అసర్’ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగింది 33.7 శాతమే. ఐదో తరగతిలో భాగహారం చేయగలిగింది 30.7 శాతం. ఇవి తెలిసి కూడా టీచరును తరగతిలోంచి లేపుతున్నారు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతు చేతిలో తక్‌పట్టీ, అంటే అమ్మకం లెక్కల చీటీ పెడతారు. తూకం, క్వింటాల్ ధర, హమాలీ, మిగతా కోతలు, చివర చేతికొచ్చే మొత్తం. అందులో ఉన్నదంతా కూడిక, తీసివేత, గుణకారం. ఐదో తరగతిలోపు రావాల్సిన లెక్కలే. అవి రాని కొడుకు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఎవరెంత కోసినా అడగలేడు. సర్కారు బడి పిల్లల్లో ఎక్కువ మంది ఇలాంటి ఇళ్లవాళ్లే. ఒంటిపూట పెట్టింది కూడా వాళ్లకే. ఆ నవంబర్‌లో ప్రైవేటు బడులు రెండు పూటలా నడిచాయి. ఆ తర్వాత సర్కారు బడుల్లో పిల్లలు తగ్గిపోతున్నారని వేదికలెక్కి బాధపడటం ఏం న్యాయం?

‘తొలిమెట్టు’ అని 2022లో ఈ రాష్ట్రమే ఒక కార్యక్రమం పెట్టింది. పునాది చదువే మొదటి ప్రాధాన్యం అంది. మొదటి ప్రాధాన్యం ఉన్న చోటు నుంచే మొదట మనుషులను తీసుకెళ్తే ఆ మాటకు విలువేముంది? జనగణనకు మిగతా శాఖల సిబ్బంది లేరా? ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న డిగ్రీ పిల్లలు వరంగల్, హనుమకొండల్లో కరువా? టీచర్లు తప్పదనుకుంటే సెలవు రోజుల్లో, బడి వదిలాక పెట్టుకోండి, దానికి తగిన డబ్బు ఇవ్వండి. బడి వేళల్లో మాత్రం ఒకటి నుంచి ఐదు తరగతుల టీచరును కదపవద్దు. ఒక్క గంట కూడా.

ఉమ్మడి వరంగల్ జిల్లాల కలెక్టర్లను, విద్యాధికారులను సూటిగా అడుగుతున్నాం. 2024 నవంబర్‌లో పోయిన మధ్యాహ్నాలను ఏ బడిలో, ఏ నెలలో పూడ్చారు? ఆ వివరాలు బడుల వారీగా బయటపెట్టండి. అవి చూపించకుండా ఫిబ్రవరి జనగణన డ్యూటీ ఉత్తర్వుల మీద సంతకం పెట్టే అర్హత మీకు లేదు.