నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య: పొడవు కాదు, రూపం చూడాలి

రెండును 13,62,79,841 సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే ఒక ప్రధాన సంఖ్య వస్తుంది. గింప్స్ అనే ఔత్సాహికుల ప్రాజెక్టులో పాల్గొన్న ల్యూక్ డ్యురాంట్ 2024 అక్టోబరులో దీన్ని కనిపెట్టారు. మొత్తం 4,10,24,320 అంకెలు. వార్తల్లో ఈ లెక్కే మార్మోగింది. నన్నడిగితే ఇందులో అన్నిటికంటే చప్పటి విషయం అదే. ప్రధాన సంఖ్యలకు అంతం లేదని యూక్లిడ్ రెండు వేల ఏళ్ల కిందటే రుజువు చేశాడు కాబట్టి, ఎంత పెద్దది చూపినా దాన్ని మించింది ఉండనే ఉంటుంది. ఇంత పెద్ద సంఖ్య ప్రధానమని అనుమానానికి తావు లేకుండా ఎలా తేల్చారన్నదే అసలు విశేషం.

ఆ రహస్యం సంఖ్య రూపంలో ఉంది. సున్నా, ఒకటి అనే రెండు అంకెలతోనే రాసే బైనరీలో రాస్తే ఇందులో ఒక్క సున్నా కూడా ఉండదు, అన్నీ ఒకట్లే. ఇలాంటివే మెర్సెన్ సంఖ్యలు. వీటి కోసమే లూకా-లేమర్ పరీక్ష ఉంది. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, పరీక్షిస్తున్న సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. మళ్లీ అదే పని. 31నే తీసుకుందాం. ఇది రెండు ఘాతం అయిదులోంచి ఒకటి తీసేస్తే వచ్చింది. ముందు 4, తర్వాత 14. దాని వర్గం 196, రెండు తీస్తే 194, శేషం 8. ఎనిమిది వర్గం 64, రెండు తీస్తే 62. అది 31కి సరిగ్గా రెట్టింపు, శేషం సున్నా. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక సున్నా వచ్చిందంటే ఆ సంఖ్య ప్రధానమే. రాకపోతే కాదు. డ్యురాంట్ సంఖ్యకు ఇదే పని 13 కోట్లకు పైగా సార్లు చేయాలి.

ఈ పరీక్షలో నన్ను కట్టిపడేసేది మరొకటి ఉంది. రెండు ఘాతం 67 మైనస్ ఒకటి ప్రధానమని 1644లో ఫ్రెంచ్ గణితజ్ఞుడు మెర్సెన్ రాశాడు. కాదని 1876లో ఈ పరీక్షకు ఆద్యుడైన లూకా తేల్చాడు, కానీ దాన్ని భాగించే ఒక్క సంఖ్యనూ చూపలేదు. 19,37,07,721 దాన్ని నిశ్శేషంగా భాగిస్తుందని 1903లో ఫ్రాంక్ కోల్ చూపించాడు. ప్రధానం కాదని తెలియడం వేరు, దేన్ని దేనితో గుణిస్తే వచ్చిందో తెలియడం వేరు. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని ఇతరులు చదవకుండా సంకేతంగా మార్చే ఆర్‌ఎస్‌ఏ ఎన్‌క్రిప్షన్ ఈ తేడా మీదే నిలబడింది. సంఖ్య ఏ రూపంలో ఉన్నా అది ప్రధానమో కాదో సమర్థంగా తేల్చవచ్చని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా రుజువు చేశారు. కారణాంకాలు విడదీయడానికి మామూలు కంప్యూటర్లపై అలాంటి దారి ఇంతవరకు దొరకలేదు.

అందుకని ఈ కొత్త సంఖ్య బ్యాంకు లావాదేవీలకు రక్షణ ఇస్తుందనుకుంటే పొరపాటే. అక్కడ వాడేవి కొన్ని వందల అంకెల ప్రధాన సంఖ్యలు, అవి రహస్యంగా ఉండాలి. ఇదేమో లోకమంతా ఎరిగిన సంఖ్య.

పైగా ఇంత పొడవు చేరుకున్నామంటే అక్కడిదాకా అన్నీ తెలుసుకున్నామని కాదు. ఈ పరిమాణం దగ్గర సగటున తొమ్మిది కోట్ల పైచిలుకు సంఖ్యలకు ఒకటి ప్రధానమై ఉంటుందని సిద్ధాంతం చెబుతుంది. అయినా దీని వెంటనే వచ్చే ప్రధాన సంఖ్య ఏదో ఎవరికీ తెలియదు. ఐఐటీ పద్ధతి సిద్ధాంతరీత్యా దానికీ పనికొస్తుంది కానీ, నాలుగు కోట్ల అంకెలంటే ఆచరణలో అయ్యే పని కాదు. లూకా-లేమర్ సాయం చేద్దామన్నా, ఆ సంఖ్యకు మెర్సెన్ రూపం ఉండదు.