బాండీలో నూనెతో ఎన్ని విమానాలు ఎగురుతాయి?

మన దేశం నుంచి విదేశాలకి ఎగిరే విమానాల ఇంధనంలో 2027కి 1 శాతం, 2028కి 2 శాతం, 2030కి 5 శాతం గ్రీన్ ఇంధనం కలపాలని కేంద్రం టార్గెట్ పెట్టుకుంది. సస్టెయినబుల్ ఏవియేషన్ ఫ్యూయల్ అని దీని పేరు, పొట్టిగా సాఫ్ అంటున్నారు. వాడేసిన వంటనూనె, పంట వ్యర్థాలు, ఇథనాల్ లాంటి వాటి నుంచి తీస్తారు, ఇప్పుడున్న ఇంజిన్లలోనే మామూలు ఇంధనంలో సగం దాకా కలిపి వాడొచ్చు. మంచి పనే, మేమూ రావాలనే కోరుకుంటున్నాం. కానీ ఇది వచ్చేస్తే ఇక ఎన్ని విమానాలు ఎగిరినా పర్లేదు అన్నట్టు కంపెనీలు, ప్రభుత్వాలు మాట్లాడుతున్నాయి చూశారా, దాంతోనే మాకు పేచీ.

ఒకసారి లెక్క వేద్దాం. వాడేసిన వంటనూనె నుంచి సాఫ్ తీయడానికి పానిపట్‌లోని ఇండియన్ ఆయిల్ రిఫైనరీకి 2025 ఆగస్టులో అంతర్జాతీయ సర్టిఫికెట్ వచ్చింది, ఏడాదికి 35 వేల టన్నులు తీస్తామన్నారు. వింటే పెద్ద నంబరే. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక ఎ320 నియో విమానం వెళ్లాలంటే అటూ ఇటూగా 5 టన్నులు తాగుతుంది, ఈ లెక్కన ఆ 35 వేల టన్నులు అలాంటి ఫ్లైట్లు రోజుకి ఓ 19 నడపడానికి వస్తాయి, మన దేశం లోపలే రోజుకి దగ్గరదగ్గర 3 వేల ఫ్లైట్లు తిరుగుతున్నాయి. ప్రపంచం మొత్తం కలిపి చూసినా 2024లో తయారైన సాఫ్ 10 లక్షల టన్నులు, విమానాలు కాల్చిన ఇంధనంలో అది 0.3 శాతం. రేటేమో మామూలు ఇంధనానికి రెండింతల నుంచి ఐదింతల దాకా ఉంది.

ఉన్నవాటిలో మాకు నచ్చిన దారి వాడేసిన నూనే. సాయంత్రం ఏ బజ్జీల బండి దగ్గరైనా నిలబడి బాండీలోకి చూడండి, నూనె నల్లగా చిక్కగా నురగ కడుతూ ఉంటుంది, చాలాచోట్ల దాన్ని పారబోయరు, అందులోనే కాస్త కొత్త నూనె కలిపి రేపు మళ్లీ పొయ్యి మీద పెడతారు. నూనెని మళ్లీ మళ్లీ కాచేకొద్దీ అందులో పెరిగే చెడు పదార్థాలు (పోలార్ పదార్థాలు అంటారు) 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచే రూల్ ఉంది, రోజుకి 50 లీటర్ల పైన వాడే హోటళ్లు లెక్క రాయాలి, మరి చిన్న బండి దగ్గరికి వెళ్లి మంచి రేటిచ్చి ఆ నూనె కొనేవాళ్లేరి? ఆ ఏర్పాటు గట్టిగా జరిగితే మన కడుపులూ బాగుపడతాయి, విమానానికీ ఇంధనం దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, వాడేసిన నూనెకి రేటు పెరిగేకొద్దీ కొత్త పామాయిల్‌నే పాతదని అమ్మేసే మోసం వస్తుంది, యూరప్‌లో ఇప్పటికే ఆ అనుమానాలు లేచాయి. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే మన దేశానికి ఇది చిన్న విషయం కాదు.

ఇథనాల్ దారి దగ్గరికొస్తే మాకు భయమే ఎక్కువ. ఇథనాల్‌ని విమాన ఇంధనంగా మార్చే టెక్నాలజీ ఉంది, నిజమే. ఆ ఇథనాల్ ఎక్కడి నుంచి వస్తోంది, చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, ఎఫ్‌సీఐ గోదాముల్లో బియ్యం నుంచి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో ఊళ్లోవాళ్లు ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని ఎంత మొత్తుకున్నారో, 2024 నవంబర్లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఆడవాళ్లతో సహా రోడ్డెక్కి కూర్చుంటే ప్రభుత్వం ఎలా పనులు ఆపాల్సి వచ్చిందో అందరం చూశాం. వాళ్ల గోడు నీళ్ల గురించి, గాలి గురించి, పొలాల గురించి. ఒక ఊరి బోర్లు ఎండగొట్టి తీసిన ఇంధనాన్ని గ్రీన్ అనడానికి మాకు నోరు రాదు.

విత్తనాల నూనె కథ కూడా మనకి తెలియంది కాదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి స్పైస్‌జెట్ విమానం జట్రోఫా (అడవి ఆముదం) నూనె ఇంధనం 25 శాతం కలుపుకుని ఎగిరింది, గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవి, ఆ రోజు దేశమంతా చప్పట్లు కొట్టింది. అదే జట్రోఫాని అంతకుముందు మన మెట్ట పొలాల్లో కూడా వేయించారు, వర్షాధారంలో అనుకున్న దిగుబడి రాలేదు. కానుగ మాత్రం వేరే. అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ నూనె వాడకంతో తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్కని కార్బన్ క్రెడిట్‌గా 2003లోనే ప్రపంచ బ్యాంకుకి అమ్మి 645 డాలర్లు తెచ్చుకున్నారు. గట్ల మీద, అడవి అంచున పెరిగే చెట్టు అది, వరి మడిని అడగదు. కాకపోతే ఎయిర్‌లైన్లని నడిపేంత నూనె దాన్నుంచి రాదు, ఆ ఆశ ఎవరూ పెట్టకూడదు.

బ్యాటరీ విమానాలంటారా, విమాన ఇంధనం కిలోలో ఉండే శక్తి బ్యాటరీ కిలోలో ఉండేదానికి 40 రెట్ల పైమాటే, చిన్న దూరాలకి తప్ప అయ్యే పని కాదు. హైడ్రోజన్ విమానం 2035కి తెస్తామన్న ఎయిర్‌బస్ 2025లో వాయిదా వేసింది. కొత్త ఇంజిన్లు 15 శాతం దాకా ఇంధనం ఆదా చేస్తాయి, సంతోషమే, కానీ 2023లో ఒక్క ఏడాదిలోనే ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకి ఆర్డర్ పెట్టాయి, ఆ ఆదాని ఈ పెరుగుదల మింగేస్తుంది.

అందుకే మేము అడిగేవి ఇవి. సాఫ్ ముడిసరుకు ఏ ఊరి నుంచి వచ్చిందో టన్ను టన్నుకీ లెక్క బయటపెట్టాలి, తిండిగింజల నుంచి తీసినదాన్ని ఆ 1 శాతంలో కలపకూడదు. పెరిగే ఖర్చు మొదటిసారి విమానమెక్కే గల్ఫ్ కూలీ టికెట్ మీద కాకుండా బిజినెస్ క్లాసు మీద, ప్రైవేట్ జెట్ల మీద వేయాలి. రెండున్నర గంటల్లో రైలు చేరే దూరానికి ఫ్రాన్స్ 2023లో విమానాలు ఆపేసింది, మనకి సికింద్రాబాద్ నుంచి విజయవాడకి వందే భారత్‌లో 4 గంటలు పడుతోంది, ఆ టైము తగ్గిస్తే శంషాబాద్ దాకా వెళ్లి, చెకిన్ చేసి, గన్నవరంలో దిగి మళ్లీ ఊళ్లోకి కారెక్కే శ్రమ ఎవరు పడతారు? పౌర విమానయాన శాఖ చూస్తున్న రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీ, కొత్త ఎయిర్‌పోర్టుల గురించి చెప్పినంత గట్టిగా ఈ రూల్స్ గురించి కూడా 2027 లోపే పార్లమెంటులో చెప్పాలని ఆయన్ని అడుగుతున్నాం.